బెంచీ మీద ఆరు మార్పులు

మా మావయ్యకు మర్యాద ఒక జబ్బు. గుమ్మం దగ్గర ఎవరెదురైనా "మీరు ముందు" అని తప్పుకుంటాడు. మూడు రోజులుగా పన్నుపోటు తలకెక్కి, చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయిన రోజున కూడా అదే చేశాడు.

పళ్ల డాక్టరు గది ముందు నలుగురు పట్టే బెంచీ ఉంది. దానికి రాజూ మంత్రీ కాంపౌండరే. చోటు కోసం జనం రోజూ కొట్టుకు చస్తుంటే విసుగెత్తి, గోడకు ఒక చట్టం అంటించాడు. చోటు మారాలంటే పక్కనున్నవారితోనే మారాలి. ఒకసారి మారిన ఇద్దరు ఆ రోజు మళ్లీ ఒకరితో ఒకరు మారకూడదు. మార్పు ఏ సందు దగ్గర జరిగిందో ఆ అంకె పుస్తకంలో ఎక్కిస్తాడు. తలుపు వైపు నుంచి లెక్క: మొదటి ఇద్దరి మధ్య ఒకటో సందు, ఆ తర్వాత రెండు, మూడు.

లోపల అప్పటికే ఒకాయన ఉన్నాడు. బెంచీ మీదకు మాత్రం మావయ్యే అందరికన్నా ముందొచ్చి తలుపు పక్కనే కూర్చున్నాడు. తర్వాత దర్జీ, లెక్కల మాస్టారు, బస్సు డ్రైవరు వచ్చారు. దర్జీ "అబ్బా" అన్నాడు. "మీరు ముందు" అన్నాడు మావయ్య. మాస్టారు నిట్టూర్చాడు. ఆయనకూ అదే మాట. డ్రైవరు ఏమీ అనలేదు, ఊరికే చూశాడంతే. ఆ చూపుకూ చోటిచ్చేశాడు. కాంపౌండరు ఒకటి, రెండు, మూడు అని రాసుకున్నాడు.

అత్తయ్య నీళ్లసీసా నింపుకొచ్చేసరికి మొగుడు చివర్న ఉన్నాడు.

"అక్కడికెలా పోయారు?"

"జరుగుతూ జరుగుతూ..."

"మీ మర్యాద మండ! పన్నెండు కొడితే డాక్టరు గొడుగేసుకుని పోతాడు. మళ్లీ సోమవారమే. అందాకా మీ మూలుగు నేను వినలేను బాబూ."

కానీ తిరిగి ముందుకు రావడానికి దారేదీ? ముగ్గురితోనూ మార్పు అయిపోయింది.

అంతలో లోపల్నుంచి ఒక కేక.

దర్జీ ముఖాన నెత్తురు చుక్క లేదు. "మాస్టారూ, పెద్దవారు, మీరు పదండి" అన్నాడు. మాస్టారు పొగడ్తకు పొంగి ముందుకు జరిగాడు. రెండో కేక. దర్జీ ఇంకాస్త దూరం కోసం కునికిపాట్లు పడుతున్న డ్రైవరును ఇవతలికి జరిపాడు. మూడో కేకకు మాస్టారి పొంగు చల్లారింది. "నాయనా, నీకు డ్యూటీ టైమవుతోందేమో" అని డ్రైవరును తలుపు పక్కకు తోశాడు. డ్రైవరుకు అప్పుడొచ్చింది మెలకువ.

పుస్తకంలో ఇప్పుడు ఒకటి, రెండు, మూడు, ఒకటి, రెండు, ఒకటి.

లోపలి మనిషి దవడ పట్టుకుని బయటపడ్డాడు. "తర్వాత!" అని కేకేశాడు కాంపౌండరు.

"నేను రాను" అన్నాడు డ్రైవరు బెంచీని కరుచుకుని. "కొండదారిలో బ్రేకులు పోయినా భయపడలేదు. ఇది నా వల్ల కాదు."

"అయితే ఎవరితోనైనా మారు."

"ఎవరితో మారను? అందరితో అయిపోయింది కదయ్యా!"

మాస్టారి కళ్లు మెరిశాయి. "నలుగురిలో జతలు ఆరే. ఆరూ అయిపోయాయి, ఒక్క మార్పూ వృథా పోలేదు. వచ్చిన వరస పూర్తిగా తిరగబడింది. ఇక కదలిక లేదు!" పన్ను సంగతే మరిచి సంబరపడ్డాడు.

"మొదటివాడు వెళ్లందే రెండోవాడు లేవకూడదు" అన్నాడు కాంపౌండరు. పన్నెండుకు పది నిమిషాలుంది.

అత్తయ్య చట్టాన్ని రెండుసార్లు చదివింది. "ఇందులో మనుషుల సంగతే ఉంది. బెంచీ సంగతి లేదే?"

కాంపౌండరు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. నిజంగానే లేదు.

"అయితే బెంచీని తిప్పండి" అంది అత్తయ్య.

ఎవరూ లేవకూడదు కనక నలుగురూ కూర్చునే నేలను తన్నారు. చెరో కొస అత్తయ్య, కాంపౌండరు పట్టారు. బెంచీ ఎనిమిది కాళ్ల పీతలా గిర్రున తిరిగింది. ఆగేసరికి అందరి ముక్కులూ గోడకు ఆనాయి. అయితేనేం, తలుపు పక్కన మావయ్య, ఆ తర్వాత దర్జీ, మాస్టారు, చివర్న డ్రైవరు. వచ్చిన వరసే.

"తర్వాత!"

మావయ్య లేచాడు. గుమ్మంలోంచి పట్టకారు తళుక్కుమంది. ఆయన మెల్లగా దర్జీ వైపు తిరిగి, వినయంగా చెయ్యి చాపాడు.

"మీరు ముందు..."

"చెల్లదు!" అన్నాడు కాంపౌండరు పుస్తకం మీద వేలు పెట్టి. "మీ ఇద్దరిదీ పొద్దున్నే అయిపోయింది."

అత్తయ్య ఆయన్ను లోపలికి నెట్టి, బయట గొళ్లెం పెట్టింది.