ఆవిడ బయటే ఉంది

ఆ హాల్లో దొంగతనం జరిగింది. పట్టపగలు, తలుపు దగ్గర పోలీసు నిలబడి ఉండగానే జరిగింది. చేయించింది కంపెనీ వాళ్లు. చూసీ చూడనట్టు జరగనిచ్చింది కౌన్సిల్లో కూర్చున్న ఏడుగురు. సరే, వాళ్ల దగ్గర సిగ్గు కోసం వెతకడం మన తెలివితక్కువతనం. మరి మన తెలుగు సంఘం పెద్దలకేమొచ్చింది? అమ్మానాన్నల ఈడు వాళ్లని నలభై రెండు మందిని బస్సెక్కించి, నీలం చొక్కాలు తొడిగి, చేతిలో బిర్యానీ డబ్బా పెట్టి, ఊరివాళ్లు కూర్చోవాల్సిన కుర్చీల్లో కూర్చోబెట్టింది ఎవరయ్యా? మీరు కాదూ?

ఆ నలభై రెండు మందిలో వీరభద్రరావు ఒకడు. ఏమీ తెలియనివాడైతే పోనీలే అనుకోవచ్చు. ఈయనకి అన్నీ తెలుసు. థర్మల్ స్టేషన్లో ముప్ఫై ఒక్క ఏళ్లు కూలింగ్ టవర్ల దగ్గర ఫిట్టరుగా చేశాడు. అందులో పద్నాలుగేళ్లు యూనియన్ కార్యదర్శి. లారీలెక్కి పార్టీ మీటింగులకి పోయే జనాన్ని చూసి, "బిర్యానీ పొట్లానికి అమ్ముడుపోతార్రా, తూ!" అని మైకులో తిట్టిన నోరు ఆయనది.

అలాంటివాడు ఆ బస్సు ఎందుకెక్కాడు? విసుగెత్తి ఎక్కాడు. అంతకంటే గొప్ప కారణం లేదు.

అమెరికాలో, చాండ్లర్లో ఉన్న కూతురు మనీషా ఇంటికి భార్య నాగమల్లేశ్వరితో వచ్చి నాలుగు నెలలైంది. పొద్దున ఏడింటికి కూతురూ అల్లుడూ చెరో కారులో వెళ్లిపోతే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. కారు నడపడం రానివాడికి అక్కడ కాళ్లు లేనట్టే. శనివారం ఒక్కరోజే ఊపిరాడేది. కూతురు అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరికి, రైతుల సంతకి తీసుకెళ్లేది.

ఆ సంతలో డొలోరెస్ అనే ఆవిడ మిరపకాయలూ బెండకాయలూ అమ్ముతుంది. అరవై దాటాయి. తాతల కాలం నుంచీ అదే నేల, ఇంటికీ చేనుకీ కలిపి ఒక్కటే బోరు. నాగమల్లేశ్వరి ఎవరి పెరట్లోనో సంపాదించిన గోంగూర విత్తనాలిస్తే, చల్లి చూసింది. రెండు నెలలకల్లా ఆవిడ బల్ల ముందు తెలుగువాళ్లు వరస కట్టారు. ఒకసారి బోరు మోటారు మూలుగుతోందని చెప్పింది. వీరభద్రరావు సగం ఇంగ్లీషు, సగం చేతులతో, కెపాసిటర్ మార్చమన్నాడు. మార్చింది, బాగైంది. ఆ రోజు నుంచి ఆయన్ని "ఇంజనీర్" అని పిలిచేది. రిటైరయ్యాక ఆయన్ని పని పేరుతో పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

అక్టోబర్లో సంఘం అధ్యక్షుడు జితేందర్ ఫోన్ చేశాడు. "అంకుల్, మంగళవారం పేరెంట్స్ ట్రిప్. ఇక్కడ లోకల్ గవర్నమెంట్ ఎలా నడుస్తుందో మీకు చూపిస్తాం. బస్ మనదే, లంచ్ మనదే. ఆంటీని కూడా తీసుకురండి."

"వెళ్లండి మామయ్యగారూ, లేకపోతే ఆయన ఫీలవుతారు," అన్నాడు అల్లుడు అవినాష్. అవినాష్ పనిచేసేది జితేందర్ కన్సల్టెన్సీలోనే. అవినాష్ గ్రీన్ కార్డ్ కాగితాలన్నీ జితేందర్ చేతిలోనే ఉన్నాయి.

బస్సులో నీలం టీ షర్టులు పంచారు. ఛాతీ మీద తెల్లటి అక్షరాలు: ఎస్ ఫర్ జాబ్స్, అంటే ఉద్యోగాలకి సై. ఒక్కొక్కరి దగ్గరా పేరు రాయించుకుని, చిన్న కార్డు మీద సంతకం పెట్టించుకున్నారు. ఎందుకని అడిగితే, "హాజరు కోసం అంకుల్" అన్నారు. పక్క సీట్లో కరీంనగర్ రంగయ్య బిర్యానీ డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"భద్రన్నా, సముద్రాలు దాటొచ్చినా మనకీ పొట్లం తప్పలే. గాడ కోడి ముక్కన్న ఏస్తుండె, గీడ ఉత్త కూరగాయలేనాయె!"

బస్సంతా నవ్వింది. వీరభద్రరావు కూడా నవ్వాడు. 

తీసుకెళ్లింది ఆ సంత జరిగే ఊరికే, అక్కడి టౌన్ కౌన్సిల్ మీటింగ్ అయిదింటికి. వీళ్లని మూడున్నరకే తీసుకెళ్లి కూర్చోబెట్టారు. తొంభై కుర్చీల హాలు. నలభై రెండు మనవాళ్లవి, మిగతా వాటిలో కంపెనీ మనుషులు, అవే నీలం చొక్కాలు. నాలుగున్నరకి పోలీసు తలుపు మూసి, హాలు నిండిపోయిందన్నాడు.

లైట్లు తగ్గించి తెర మీద మ్యాప్ వేశారు. డేటా సెంటర్ అట, వేలకొద్దీ కంప్యూటర్లు పెట్టే షెడ్లట. పదిహేను వందల ఎకరాలట. యంత్రాలు వేడెక్కకుండా భూమిలోంచి రోజూ తోడే నీటి లెక్క ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. పక్కన పెద్ద అక్షరాల్లో: ఉద్యోగాలు. వీరభద్రరావు ఆ చిన్న అక్షరాలే చదివాడు. కూలింగ్ టవర్ ఎంత నీరు తాగుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మ్యాప్‌లో కంపెనీ స్థలం గుర్తుగా గీసిన నీలి చతురస్రం అంచున సన్నటి రోడ్డు కనిపించింది. సంతలో బల్లకి కట్టిన బోర్డు మీద ఉండే పేరే, డొలోరెస్ వాళ్ల రోడ్డు.

తల తిప్పి చూస్తే ఆవిడ అక్కడే ఉంది. అద్దాల తలుపు అవతల, ఎండలో. చేతిలో మడత పెట్టిన కాగితం. ఆవిడ వెనకాల ఇంకో యాభై మంది.

మాట్లాడతామని ముందే రాయించుకున్నవాళ్ల పేర్లు మేయరు చదవడం మొదలుపెట్టాడు. పిలిచినప్పుడు లోపల లేకపోతే వంతు పోయినట్టేనట, రూలు.

"డొలోరెస్ ఫిగెరోవా."

బయట ఆవిడకి వినపడలేదు. అద్దం మందంగా ఉంది.

"డొలోరెస్ ఫిగెరోవా?"

చెయ్యెత్తితే చాలు. "ఆవిడ బయటే ఉంది" అంటే చాలు. అంతపాటి ఇంగ్లీషు ఆయనకి వచ్చు. గేటు ముందు లాఠీలకి ఎదురు నిలబడి అరిచిన గొంతే అది. వరస చివర నిలబడి ఉన్న జితేందర్ ఆయన వైపు చూశాడు. చూశాడంతే. వీరభద్రరావుకి అల్లుడి కాగితాలు గుర్తొచ్చాయి. చెయ్యి ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"లేరు. తర్వాత," అన్నాడు మేయరు.

ఆ తర్వాత, అనుకూలంగా ఉన్నవాళ్లని లేచి నిలబడమన్నారు. జితేందర్ అరచెయ్యి పైకి లేపాడు. కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

"లేవండీ, అందరూ లేచారు," నాగమల్లేశ్వరి మోచేత్తో పొడిచింది. "ఇంతకీ దేనికండీ లేవడం?"

ఆయన లేచాడు.

బస్సులో సంతకాలు పెట్టిన కార్డులు కట్టగా కట్టి, "పౌరుల మద్దతు" అని పేర్లు చదివారు. ఆయన పేరూ ఉంది, అక్షరం తప్పు లేకుండా. కౌన్సిల్లో అయిదుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఇది మొదటి ఓటే, ఆఖరి ఓటు వచ్చే మంగళవారం.

బస్సు దగ్గర డొలోరెస్ ఆయన్ని చూసి గబగబా వచ్చింది. "ఇంజనీర్! నువ్వూ వచ్చావా మా కోసం? నిన్ను లోపలికి రానిచ్చారా? నా పేరు పిలిచారా?"

"పిలిచారు," అన్నాడు.

"మరి?"

 ఆవిడ చూపు ఆయన ఛాతీ మీది అక్షరాల దగ్గరికొచ్చి ఆగింది. చేతిలో కాగితాన్ని ఇంకో మడత పెట్టి, తన ట్రక్కు వైపు నడిచిపోయింది.

శనివారం సంతకి పోనన్నాడు. కూతురు బలవంతాన తీసుకెళ్లింది. డొలోరెస్ గోంగూర కట్ట ఎప్పటిలాగే ఇచ్చింది, డబ్బులు తీసుకుంది, చిల్లర చేతిలో పెట్టింది. "థాంక్యూ, సర్," అంది.

సర్ అంది. ఆ మాటకి ఆయన చెవులు కాలిపోయాయి. నాగమల్లేశ్వరి ఆ గోంగూరతో పచ్చడి చేస్తే ఒక్క ముద్ద మింగలేకపోయాడు.

ఆ సాయంత్రం అల్లుణ్ని అడిగాడు. "అవినాష్, ఆ మీటింగ్ ఏమిటో నీకు ముందే తెలుసా?"

అవినాష్ ల్యాప్‌టాప్ మీంచి కళ్లెత్తలేదు. "మా కన్సల్టెన్సీకి ఆ కంపెనీదే కాంట్రాక్ట్ మామయ్యగారూ. ఆరేళ్ల నుంచి గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాను. ప్లీజ్. పైగా మీరు విజిటర్ వీసా మీద ఉన్నారు, ఇక్కడి పాలిటిక్స్ గురించి మాట్లాడకూడదు."

"మాట్లాడకూడదు గానీ, కుర్చీ ఆక్రమించుకుని కూర్చోవచ్చా?"

అవినాష్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. అతనికీ సిగ్గేసింది, అది మాత్రం నిజం.

మంగళవారం మళ్లీ బస్సు వచ్చింది. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఆగింది. వీరభద్రరావు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రెండు మైళ్లు నడిచి వచ్చాడు. ఒంటి మీద తన తెల్ల చొక్కా, చేతిలో నీలం చొక్కా. బస్సు మెట్టెక్కి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. లోపల సగం మంది ఎక్కి కూర్చున్నారు, సగం మంది కింద నిలబడ్డారు.

"అంకుల్, అందరికీ లేటవుతోంది," అన్నాడు జితేందర్. తర్వాత గొంతు తగ్గించి, "అవినాష్ గురించి కాస్త ఆలోచించండి."

"వారం రోజులు అదే ఆలోచించాను. వాడి కాగితాలు నీ దగ్గరున్నాయని ఒక ఆడమనిషి నోరు నొక్కాను. ఇంక నా వల్ల కాదు."

"ఏమైందన్నా?" లోపల్నుంచి అడిగాడు రంగయ్య. ఈసారి నవ్వడంలేదు.

"ఏమైందా? పోయిన మంగళవారం మనం కూర్చున్న ప్రతి కుర్చీకీ ఒక మనిషి బయట ఎండలో నిలబడ్డాడు రంగయ్యా. మనం గోంగూర కొనుక్కునే ఆవిడ పేరు రెండుసార్లు పిలిచారు. ఆవిడ బయటే ఉంది. నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను. ఆవిడ బోరు ఎండబెట్టడానికి లేచి నిలబడ్డాను. మీరు తెలియక లేచారు, నేను తెలిసి లేచాను. ఇవాళ ఎక్కితే మీరూ తెలిసి ఎక్కినట్టే!"

నీలం చొక్కా జితేందర్ కాళ్ల దగ్గర పడేశాడు.

"దిగండి, అందరూ దిగండి. జితేందర్, నలభై రెండు కార్డులూ వెనక్కి తీసుకురా, నా పేరుతో మొదలుపెట్టి. ఈ బస్సు ఖాళీగా డొలోరెస్ వాళ్ల రోడ్డుకి పంపించు. బయట నిలబెట్టినవాళ్లని ఎక్కించుకుని, ఆ కుర్చీల్లో వాళ్లని కూర్చోబెట్టు. ఇవాళే. అయిదు కొట్టేలోపే!"