ఎడమ పక్క స్పీకర్

మా ఆయన ప్రేమ్ కుమార్ కుదురుగా కూర్చుని అన్నం తిని చాలా రోజులైంది. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుంటారు, ఏదో గుర్తొచ్చినట్టు లేచి షెడ్డులోకి పోతారు. కంచం దగ్గర ఈగలు తోలుతూ నేను. షెడ్డులోంచి నా గొంతే నాకు వినిపిస్తూ ఉంటుంది. అదే చరణం, మళ్ళీ అదే చరణం. ఎవరి గొంతు మీద వాళ్ళకే విసుగు పుడితే ఎలా ఉంటుందో నన్నడగండి.

సామర్లకోటలో మాది స్పీకర్ పెట్టెలు తయారుచేసే షెడ్డు. మా మావగారు చిట్టియ్య మొదలుపెట్టారు. గుడి ఉత్సవాలకీ, చర్చి ఉజ్జీవ సభలకీ మైకు సెట్ల వాళ్ళు మా పెట్టెలే పట్టుకెళ్తారు. పెళ్ళయిన కొత్తలో చర్చి క్వాయర్‌లో నేను పాడిన పాటొకటి ఈయన రికార్డు చేశారు. అప్పట్నుంచి ఏ పెట్టె గడప దాటాలన్నా ముందు అందులో నా పాట మోగాలి. అదీ ఊరంతా వినబడేంత గట్టిగా. ఆ మోతలో పెట్టెకి ఎడమ చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటారు. కుడిచెయ్యి నాబ్ మీద ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఎడమ చెవే. మావగారూ అలాగే వినేవారు. చెవి పెట్టకుండా పెట్టె అమ్మడమంటే రుచి చూడకుండా కూర వడ్డించడమే అనేవారు.

ఈమధ్య ఈయన మనసు ఆంప్లిఫయర్ల మీదికి పోయింది. మైకు సెట్టుకి వాడే రకం కాదు, బాగా ఖరీదైనవి. ఇంట్లో ఒక గదిలో కూర్చుని కళ్ళు మూసుకుంటే పాడే మనిషి ఎదురుగా నిలబడ్డట్టుండాలట. కడియంలో నర్సరీ ఉన్న హరిబాబు గారు మా దగ్గర పెద్ద స్పీకర్ల జత చేయించుకుని, వాటిని పలికించే ఆంప్లిఫయర్ కూడా మీరే చెయ్యండన్నారు. ఇక చూసుకోండి. రాగి తీగా, బరువైన ట్రాన్స్‌ఫార్మరూ, దళసరి అల్యూమినియం డబ్బా. కన్నబిడ్డల్ని కూడా ఇంత ముద్దు చెయ్యలేదా మనిషి.

హరిబాబు గారు దాన్ని రెండుసార్లు వెనక్కి పంపారు. పాడే ఆవిడ మధ్యలో ఉండాల్సింది పోయి ఎడమ స్పీకర్‌లో దూరి కూర్చుందన్నారు. ఈయనకేమో ఎడమ పక్కే తక్కువగా వినిపిస్తోందట. తక్కువుందని ఈయన పెంచుతారు, ఎక్కువుందని ఆయన వెనక్కి పంపుతారు. నాకూ ఎడమ పక్కే ఎక్కువనిపించి ఆ మాటే అంటే, "క్వాయర్‌లో కింది గొంతు, ఆల్టో పాడేవాళ్ళకేం తెలుస్తుంది" అన్నారు. పోనీ శబ్దం కొలిచే మీటరు పెట్టి చూడమన్నాను. ఇంతెత్తున లేచారు.

"మీటరుకి పాట తెలుసా? ఇన్నేళ్ళూ చెవి పెట్టి చేసినవాణ్ణి నేను!"

ఈసారీ కుదరకపోతే ఇంక ఆంప్లిఫయర్ జోలికే పోనన్నారు. ఆ మాటకి నాకు భయమేసింది. ఆయన పంతాన్ని భరించడం నాకు అలవాటే. ఆశ వదిలేసుకుని ఓ మూల కూర్చుంటే మాత్రం చూడలేను.

శనివారం పొద్దున్న హరిబాబు గారు స్వయంగా వచ్చారు. మొక్కల లారీ పంపించి అటునుంచటే వచ్చినట్టున్నారు, చెప్పులకి ఇంకా తడి మట్టి ఉంది. ఆయన స్పీకర్లు కూడా వెంట తెచ్చారు. వాటిని గోడవారగా దూరదూరంగా పెట్టి, ఎదురుగా ఆయనకి కుర్చీ వేశాం. నా పాట మొదలైంది.

"ఇదిగోండి, మళ్ళీ ఎడమ పక్కకే పోయిందండి" అన్నారు హరిబాబు గారు.

"ఏంటండి బాబూ మీరు! ఎడమది నీరసంగా ఏడుస్తుంటే!"

"నేను అబద్ధం ఎందుకు చెప్తానండి? మేడంగారిని అడగండి."

ఈయన నా వైపు చూడను కూడా లేదు. విసురుగా వెనక్కి తిరిగి, స్పీకర్లకి వీపు పెట్టి బల్ల మీద స్క్రూడ్రైవర్ వెతకడం మొదలుపెట్టారు. అంతలో ఆయన చెయ్యి ఆగింది.

"ఇప్పుడు కుడిది పడిపోయింది! ఎడమది లేచింది! విన్నారా?"

"ఏం మారలేదండి. అలాగే ఉంది" అన్నారు హరిబాబు గారు నెమ్మదిగా.

ఆంప్లిఫయర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఈయన ఇటు తిరిగారు. మళ్ళీ అటు తిరిగారు. తర్వాత అరచేత్తో కుడి చెవి గట్టిగా మూసుకున్నారు.

"హెలెన్, పాట తగ్గించావా?"

"లేదండి."

చెయ్యి దించలేదు. ఇందాక వీపు తిప్పగానే ఎడమ స్పీకర్ ఆయన కుడి చెవి వైపుకొచ్చిందన్నమాట. బండి మీద వెనక కూర్చుని ఎడమ పక్కనుంచి నేనేమన్నా ఈయన పలక్కపోతే పొగరనుకున్నాను. ఆ మోగే పెట్టెలకి ఆనించీ ఆనించీ ఎడమ చెవి ఎప్పుడు పోయిందో మాకిద్దరికీ తెలీదు. ఒక్కో పెట్టెనీ పరీక్ష చేస్తున్నన్నాళ్ళూ బయటపడలేదు. రెండు స్పీకర్లు కలిసి ఒక మనిషిని మధ్యలో నిలబెట్టాల్సొచ్చేసరికి బయటపడింది.

"ఇంకోరోజు చూద్దామండి" అని హరిబాబు గారు లేవబోయారు.

"వద్దండి, ఉండండి. హెలెన్, నువ్వా కుర్చీలో కూర్చో. మధ్యలోకొస్తే చెప్పు."

డబ్బా మూత తీసి, లోపల ఎడమ పక్కని తగ్గించే చిన్న మరని ఈయన కొద్దికొద్దిగా తిప్పుతుంటే నేను ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పోయాను. నా గొంతు ఎడమ స్పీకర్‌లోంచి బయటికొచ్చి రెండింటికీ నడిమధ్యన నిలబడింది. అక్కడ వట్టి గోడే ఉంది. చాలన్నాను. హరిబాబు గారు కూర్చుని విన్నారు.

"ఆయ్, ఇదీనండి నాక్కావల్సింది. చాలా బాగుందండి."

ఆంప్లిఫయర్ కుదిరింది. ఈయన చేత్తో చేసిందే. కానీ ఈయన ముఖంలో సంతోషం లేదు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఎక్కడ వినిపిస్తోంది నీకు?" అని అడిగారు. వేలితో గోడ చూపించాను. అటే చూస్తూ నిలబడ్డారు. "నాకు కుడి పక్కనే ఉంది" అన్నారు. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

ముఖం తుడుచుకుని వెళ్ళి ఆ రెండు స్పీకర్ల మధ్య గోడ దగ్గర నిలబడ్డాను. పాటకి సరిగ్గా పెదాలు కదిపాను, గొంతెత్తకుండా. హరిబాబు గారి ముందు సిగ్గేసింది, అయినా కదిపాను. ఈయన నా నోటికేసే చూస్తూ ఉండిపోయారు.

"వచ్చింది," అన్నారు. "మధ్యలోకొచ్చింది హెలెన్."

చరణం మధ్యలో నా పెదాలు ఆగాయి.

"ఆపకు" అన్నారు.