సమ్మమ్మ ఎడమ చెవి

సమ్మమ్మ చెవి తమ్మెను పుండు చేసింది మిరపకారం కాదు. మీరు. మైకు ముందు నిలబడి చెమట గురించీ నెత్తురు గురించీ గొంతు చించుకునే హమాలీ సంఘం పెద్దలు, మీరు. ఆమె మొగుడి మెడలో పూలదండ వేసింది మీరే. అతను మీ చేతిలో పెట్టింది ఎక్కడిదని ఒక్కరైనా అడగలేదు. అడగనోళ్లందరికీ ఈ చీములో వాటా ఉంది. జరిగింది వినండి. విని తల వంచుకోనక్కర్లేదు. చెయ్యాల్సిన పని ఉంది.

ఎనభై ఆరో సంవత్సరం, ఫిబ్రవరి. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప దిగింది. సమ్మమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది, తాలుకాయ ఒక పక్కకు, మంచికాయ ఒక పక్కకు వేస్తోంది. కొంగు ఎడమ చెవికి తగిలితే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తమ్మె ఉబ్బి రేగుపండంత అయింది. కమ్మ ముందర కనిపిస్తోంది గాని, వెనక బిగించిన శీల మాంసంలో మునిగిపోయింది.

పక్క కుప్ప దగ్గరున్న యాకమ్మ తొంగి చూసింది. "ఏందే సమ్మక్కా, చెవుల రేగుపండు కాసింది. అమ్ముతవా?"

"నువ్వు కొంటె అమ్ముత. కమ్మ గుడ నీకే."

"నవ్వుల ముచ్చట గాదే. అవుసులాయన కాడికి పోరాదు? శీల ఇప్పి కడుగుతడు."

"మా ఆయన వద్దంటాండు."

"ఎందుకట?"

"ఏమో."

ఆ వాడలో చెవి కుట్టినా, శీల బిగిసినా, చెవి వాచినా ముందు పోయేది బంగారప్పని చేసే అవుసులాయన దగ్గరికే. చిన్న పటకారుతో పట్టుకుని నొప్పి తెలియకుండా విప్పుతాడు. మొగుడు రాయమల్లు మాత్రం అవుసుల మాట ఎత్తితేనే కసిరాడు. "మిరపకాయ చేతులతోని గోక్కుంటివి, పుండయింది. దానికి అవుసులాయన ఏం జేస్తడు?" అతను అదే యార్డులో హమాలీ, సంఘానికి కార్యదర్శి. పది మందికి చెప్పే అలవాటు ఉంది, ఇంట్లోనూ చెబుతాడు. ఇక అత్త బక్కమ్మ మాట ఇంకోటి. "మొగడు పానంతోని ఉండంగ చెవులు బోడి చేస్కుంటవా? తియ్యకు. పసుపు పెట్టు." సమ్మమ్మ కొబ్బరినూనెలో పసుపు కాచి పెట్టుకుంది. ఉప్పునీళ్లతో కడిగింది. చీము కారుతున్న చెవితోనే వాళ్లిద్దరికీ జొన్నరొట్టెలు కొట్టింది, అతని గంజి చొక్కా ఇస్త్రీ చేసింది. ఎవరేమన్నా తన చేతులదే తప్పనుకుంది. ఆ చేతులను సబ్బుతో తోమి తోమి చర్మం లేపుకుంది.

జ్వరం వచ్చి మెడ కింద బిళ్ల కట్టిన రోజు యాకమ్మ ఆమెను రెక్క పట్టుకుని సర్కారు దవాఖానకు గుంజుకుపోయింది. అక్కడ నర్సు ఎస్తేరు చెవి చూసి, "ఎన్ని దినాలాయె?" అంది.

"నెల దాటింది సిస్టరమ్మా. కారం తాకింది."

"కారం తాకితె మండుతది, ఊకుంటది. నెల దినాలు గిట్ల చీము పట్టది. ఇది బంగారమేనా?"

"బంగారమే. నేను చేయించుకున్నయే."

డాక్టరు తిమ్మిరి సూది ఇచ్చి, తమ్మె వెనక కొద్దిగా కోసి శీల బయటికి తీశాడు. రెండో చెవిది కూడా విప్పించాడు. ఎస్తేరు స్పిరిట్ దూదితో కమ్మను గట్టిగా రుద్దింది. దూది మీద ఆకుపచ్చ మరక. కమ్మ మీద బంగారు పూత పోయి కింద నుంచి తెల్లటి రేకు తేలింది.

"గిల్టు ఇది, సమ్మక్కా. మా చెల్లెకు గుడ గిట్లనే అయింది. కొందరి ఒంటికి పడది. పుండు మానేదాక చెవులకు ఏం పెట్టకు."

సమ్మమ్మ కాదనబోయింది. రెండు మిరప సీజన్లు ఆమె గోళ్లు మండాయి ఆ కమ్మల కోసం. నాలుగు రేకుల పువ్వు, నడిమిట్ల ఎర్రరాయి, అవుసులాయన ఆమె కళ్ల ముందే చేశాడు. ఆ తర్వాత అవి చెవులు దిగింది ఒక్కసారే. మొన్న డిసెంబరులో, ఇంక పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్ క్యాంపులో. ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలన్న మాట ఇంట్లో ముందుకు సాగలేదు. "బస్తాలు మోసేటోన్ని, నేనెట్ల చేయించుకుంట?" అన్నాడు రాయమల్లు. గంపలు మోసేదెవరో అతనికి యాదికి రాలేదు. ఒంటి మీద ఏమీ ఉండొద్దంటే కమ్మలు విప్పి అతని చేతిలోనే పెట్టింది. మూడో రోజు అతను ఆమె పక్కన నేల మీద కూర్చుని, తల తన వైపు తిప్పుకుని, కమ్మలు తనే తొడిగాడు. పన్నెండేళ్ల కాపురంలో అతను ఆమె చెవిని ముట్టుకోవడం అదే మొదటిసారి. మోటు వేళ్లు, శీల దొరక్క రెండుసార్లు జారాయి. పక్క మంచం మీదామె, "నీ పెనిమిటి బంగారం అసొంటోడు చెల్లే" అంది. ఆ రెండు నిమిషాలను కుప్ప ముందు కూర్చుని ఎన్నిసార్లు తలుచుకుందో సమ్మమ్మకే తెలుసు. చెవి సలుపుతుంటే కూడా తలుచుకుంది. అచ్చం అలాంటివే గిల్టువి ఆమె చేతిలో పడితే బరువు తేడా తెలుస్తుంది, అందుకే తొడిగాడు. అంతే. ఇంకేం లేదు అందులో.

ఇంటికి పోయేసరికి బక్కమ్మ గడపలో చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. చెవి కట్టు చూసి, "చీపురుపుల్ల పెట్టుకో, బొక్క పూడుకపోతది" అంది.

సమ్మమ్మ రెండు కమ్మలూ చాటలో వేసింది. "ఇవి నావి గావు అత్తా."

బక్కమ్మ చేతులు ఆగాయి. "మొగోని పేరు నలుగుట్ల నిలవడాలె గదనే," అంది. "నువ్వు గుడ చప్పట్లు కొట్టినవ్ గద."

కొట్టింది. జనవరిలో సంఘం ఆఫీసు తెరిచిన రోజు గుమ్మం పక్కన రాతి పలక పెట్టారు. దాతల పేర్లలో మొదటిది రాయమల్లుది, దాని చుట్టూ పూలదండ బొమ్మ చెక్కారు. అధ్యక్షుడు మొగిలయ్య అతని మెడలో దండ వేసి, ఇల్లు అమ్ముకోకుండా ఇంత ఇచ్చినోడు ఇంకొకడు లేడన్నాడు. తొడిమలు తీసే ఆడోళ్లకు సంఘంలో సభ్యత్వం లేదు. వాకిట్లో అందరికీ అన్నం వండడానికి మాత్రం పిలిచారు. సమ్మమ్మ గంటె పక్కన పెట్టి, మసి చేతులతో అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది.

రాయమల్లు వచ్చి చాటలోకి చూశాడు. దాచాలని కూడా అనుకోలేదు.

"తాగలే, తిరగలే. సంఘానికిచ్చిన. నిన్నడిగితె ఇస్తుంటివా?"

"ఇస్తుంటి."

అతను తేలిగ్గా నవ్వాడు. "మరి ఇచ్చేదే అయితె ఇంత లొల్లెందుకు?"

సమ్మమ్మ ఇక అతనితో మాట్లాడలేదు. వారం రోజులు మాట్లాడలేదు. చీపురుపుల్ల పెట్టుకోలేదు. బక్కమ్మ రోజూ పుల్ల తెచ్చి ఇచ్చింది, రోజూ అది పొయ్యిలోకి పోయింది.

ఆదివారం సంఘం మీటింగు. ఆడది ఆ గడప దాటడం అదే మొదలు. రాయమల్లు లేచి, "ఇంటికి పో" అన్నాడు. ఆమె అతన్ని దాటి మొగిలయ్య బల్ల దగ్గరికి నడిచింది. ఒక చెవికి కట్టు, ఇంకో చెవి బోడి. మాసిన కమ్మలు రెండూ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పింది. మధ్యలో ఎవరో దగ్గారు.

మొగిలయ్య కమ్మల వైపు చూడలేదు. "చెల్లే, ఇంటి ముచ్చట ఇంట్ల మాట్లాడుకుంటె మంచిగుంటది."

"నా కమ్మలు మీ గోడల ఉన్నయన్నా. ఇది ఇంటి ముచ్చటెట్లయితది?"

కిటికీ బయట యాకమ్మ, ఆమె వెనక మిరప కుప్పల ఆడోళ్లు ఇరవై మంది దాకా నిలబడి ఉన్నారు.

"ఆయన పేరు చెక్కి తీసెయ్యుర్రి. నా పేరు రాయుర్రి. ఆపరేషనయిన ఒంటి మీదినుంచి దొంగతనంగ తీసుకున్నయని గుడ రాయుర్రి, జాగ లేకుంటె పూలదండ బొమ్మ తీసేయుర్రి. కిటికీ కాడున్నోళ్లందరికి సభ్యత్వం రశీదులు కోయుర్రి, నాది మొదట."

"అట్లనే, వచ్చే మీటింగుల పెడుదం..."

సమ్మమ్మ రాతి పలక కింద, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"వచ్చే మీటింగు గాదు. మేస్త్రిని పిలువు మొగిలన్నా. ఉలి తెప్పియ్యి. ఇయ్యాల్నే."