దొంగకుట్టు

ఎర్ర లైటు మళ్ళీ వెలిగింది. పొద్దుటి నుంచి అది ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టడం హాల్లో అందరూ ఎప్పుడో మానేశారు. లైటు కింద నల్లటి పట్టీ మీద వచ్చిన తెల్ల చొక్కాని తప్పులు పట్టే కొత్త యంత్రం తనంతట తానే పక్కకి నెట్టేసింది. చొక్కా జారి ప్లాస్టిక్ తొట్టిలో పడింది. ఆ తొట్టి అప్పటికే నిండిపోయి ఉంది.

"ఎనిమిదో మిషను! మళ్ళీ ఎనిమిదో మిషనే!" అని కేకపెట్టాడు ఫ్లోర్ సూపర్‌వైజరు. మాట్లాడే ముందొకసారి, మాట్లాడాక ఒకసారి చేతి వాచీ చూసుకుంటాడు కాబట్టి ఆడవాళ్ళు అతన్ని గడియారం అంటారు. ఎదురుగా కాదు లెండి. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చిందా ఆవిడ? తీసుకెళ్ళి ఇచ్చేయండి. తిండి వేళకి విప్పి కుట్టమనండి."

ఎనిమిదో మిషను మీద కుట్టేది సూదమ్మకి వదినయ్యే ఆవిడ. సూదమ్మ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఆరుగురిలో ఆమె పాతకాపు. ఏప్రన్ అంచుకి ఎప్పుడూ దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇవాళ ఆ ఆరుగురూ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ టేబుల్‌ని నిన్న సాయంత్రమే పక్కకి ఈడ్చేసి ఆ చోట యంత్రాన్ని పెట్టారు. నిలబడటం వాళ్ళకి కొత్త కాదు, ఏళ్ళ తరబడి నిలబడే పనిచేశారు. చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడటమే చేతకావడం లేదు.

సూదమ్మ ఉండబట్టలేక తొట్టిలోంచి ఆ చొక్కా తీసి చూసింది. కాలరు కింద దారం రవ్వంత వదులైంది, అంతే. నిన్నటిదాకా అయితే ఆ తప్పు తప్పుగా ఆ హాలు దాటేది కాదు.

ఆ హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ గోడ మీదా రాసి లేదు, ఏ మేనేజరుకీ తెలియదు. చిన్న తప్పు కనబడితే చెకింగ్ ఆడవాళ్ళు ఎర్ర స్టిక్కరు అంటించరు. స్టిక్కరు పడితే కుట్టినామెకి ఆ చొక్కా కూలి పోతుంది, పైగా తన తిండి వేళలో కూర్చుని విప్పి మళ్ళీ కుట్టివ్వాలి. అందుకని చొక్కాని టేబుల్ అంచు కిందికి లాక్కుని, అటూ ఇటూ చూసి, తామే రెండు కుట్లు వేసి మడతపెట్టేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు దొంగకుట్టు. కొత్తగా చేరినామెకి ముందుగా నేర్పేది సూది పట్టడం కాదు, నోరు మూసుకోవడం. కొనుక్కునేవాడికి చొక్కా బాగానే చేరేది, కుట్టినామెకి కూలి దక్కేది. ఇందులో దొంగతనమంటూ ఏదైనా ఉంటే అది ఈ ఆడవాళ్ళ కళ్ళలోంచీ నడుముల్లోంచీ పోయిందే తప్ప, కంపెనీకి చిల్లిగవ్వ నష్టం లేదు.

యంత్రానికి దొంగకుట్టు తెలియదు. అటూ ఇటూ చూసే అవసరమూ దానికి లేదు.

యంత్రం తెచ్చిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మెడలో కార్డు, మొహం నిండా నవ్వు. చెడ్డవాడేం కాదు. గోడవార నిలబడ్డవాళ్ళని చూసి జాలిపడి, "దగ్గరికొచ్చి చూడండమ్మా, కరవదులెండి" అని పిలిచాడు.

మిగతావాళ్ళు కదల్లేదు. సూదమ్మ వెళ్ళింది. వదిన కుట్టిన కాలరు తెర మీద చాటంత కనబడుతోంది. వదులైన దారం చుట్టూ ఎర్రటి గడి గీసి ఉంది.

"ఇంత సన్నది దీనికెలా కనబడుద్ది బాబూ?"

"దానంతటదానికేం తెలీదమ్మా. మనుషులే నేర్పాలి. లక్షల ఫోటోలు పెట్టి, ఇది తప్పు, ఇది తప్పు కాదు అని గుర్తులు పెట్టిస్తాం. ఆ పని మేం చెయ్యం, బయట ఆఫీసులకిచ్చేస్తాం. అక్కడైతే చవగ్గా అయిపోతుంది. మీ ఊళ్ళో కూడా ఒకటుంది, బస్టాండు వెనకాల, మందుల షాపు మీద. అక్కడో అమ్మాయి ఉందమ్మా, ఏం చూపో! మిగతావాళ్ళు వదిలేసినవన్నీ పట్టేసింది. కాలరు కింద దారాలైతే ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. ఆ అమ్మాయి పుణ్యమే ఇది."

మందుల షాపు మీద ఆఫీసులో పనిచేసేది సూదమ్మ కూతురు.

కూతురికి నిజానికి బట్ట మీదే మోజు. పాత చొక్కాలు కత్తిరించి ఏదో ఒకటి కుట్టుకునేది. స్కూలు అయిపోగానే కటింగ్ మాస్టరు దగ్గర చేరతానని అడిగింది. "బట్టలో పడి నేను చచ్చింది చాలదా? నువ్వు కూర్చుని బతకాలి, నిలబడి కాదు" అని సూదమ్మే ఆ పిల్ల నోరు నొక్కేసి కంప్యూటర్ కోర్సులో చేర్పించింది. కోర్సు అయ్యాక దొరికింది ఈ ఉద్యోగం. పేరుకి ఉద్యోగం, నిజానికి ఫోటోకి ఇంత అని కూలి. ఆఫీసులో చేసింది చాలక మిగిలింది ఇంటికి తెచ్చుకునేది. చొక్కాల ఫోటోలు వచ్చినప్పుడు మొదట్లో ఏది తప్పో తెలియక తికమకపడింది.

"అమ్మా, ఇటు రావా, ఇది తప్పేనా?" అనేది.

సూదమ్మ తడి చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కూతురి పక్కన కుర్చీలో కూర్చునేది. చదువుకున్న పిల్ల తనని అడుగుతోందని ఆమెకి ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేం. "తప్పే. ఇదిగో, ఇదీ తప్పే. దారం ఎట్లా వాలిందో కనబట్టంలా? నీ కళ్ళు ఎటు పోయినయ్యే?" అని దెప్పుతూ, టేబుల్ దగ్గర తాను రోజూ చూసీ చూడనట్టు వదిలేసేవన్నీ తెర మీద వేలు పెట్టి మరీ చూపించింది. టేబుల్ దగ్గర ప్రతి చొక్కా వెనకా ఒక మనిషి ఉండేది. కాళ్ళు వాచినావిడో, నెలలు నిండినావిడో, ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లని వదిలి వచ్చినావిడో. తెర మీద చొక్కా వెనక ఎవరూ లేరు. అది ఉత్త బట్ట. ఉత్త బట్ట మీద జాలి ఎవరికి పుడుతుంది? ఆ సాయంత్రాలు ఎంత హాయిగా గడిచాయో తలుచుకుంటూ, సూదమ్మ తెర మీది ఎర్ర గడి వైపు చూడకుండా గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

తిండి వేళకి వదిన డబ్బా మూత కూడా తియ్యలేదు. ఒళ్ళో చొక్కాల కుప్ప పెట్టుకుని కుట్లు విప్పుతోంది. కళ్ళు చికిలించి, చొక్కాని ముక్కు దాకా తెచ్చుకుంటోంది. వదిన అంటే భర్త అక్క. భర్త చనిపోయిన ఏడాది, ఎటు పోవాలో తెలియక కూర్చున్న సూదమ్మని చెయ్యి పట్టుకుని ఈ హాల్లోకి తీసుకొచ్చింది ఆవిడే. ఒకరు పగటి షిఫ్టు, ఒకరు రాత్రి షిఫ్టు చేసి పిల్లని చేతులు మార్చుకుంటూ పెంచారు. అన్నం తినిపించింది వదినే, అక్షరాలు దిద్దించింది వదినే.

"ఏమే మరదలా, మీ యంత్రం నా మీద పగబట్టినట్టుందే" అంది వదిన తలెత్తకుండా. "దాని మొగుణ్ణేమన్నా ఎత్తుకొచ్చానా నేను?"

సూదమ్మ నవ్వలేకపోయింది. పక్కన కూర్చుని ఒక చొక్కా అందుకుంది. "ఇటియ్యి, నేనూ విప్పుతా."

"ఆ గడియారం చూశాడంటే నీకూ తగలడుద్ది. వద్దులే." వదిన దారం కొరికి ఉమ్మేసింది. "దాన్ననేం లాభం. నా కళ్ళే పాడైనయ్. నువ్వు ఆ టేబుల్ కాడ ఉండబట్టి ఇన్నాళ్ళు గుట్టుగా నెట్టుకొచ్చా. అది నాకు తెలీదనుకున్నావా?"

ఆ తప్పులు చూపించింది తనేనని చెప్పకుండా, సూదమ్మ తల వంచుకుని చేతిలోని చొక్కా కుట్లు విప్పసాగింది. పిరికితనమే, ఇంకేం కాదు. వదిన మొహం చూస్తూ ఆ మాట చెప్పే ధైర్యం ఆమెకి లేకపోయింది.

మధ్యాహ్నం గడియారం వచ్చి ఆరుగురినీ ఒక పక్కకి పిలిచాడు. వాచీ చూసుకున్నాడు. "రేపట్నుంచి మీరు రానక్కర్లేదు. అవసరమైతే కబురు పెడతాం. ఏప్రన్లు ఇచ్చేసి వెళ్ళండి."

"ఇన్నేళ్ళు చేశాం సార్, ఉన్నపళంగా పొమ్మంటే ఎట్లా?" అందొకావిడ.

"మీరు మా మనుషులు కారుగా. కాంట్రాక్టరు మనుషులు. ఏదున్నా ఆయన్నడగండి."

కాంట్రాక్టరుకి అక్కడికక్కడే ఫోను చేశారు. మోగి మోగి ఆగిపోయింది. కంపెనీ కాంట్రాక్టరు పేరు చెప్పి చేతులు దులుపుకుంది, కాంట్రాక్టరు ఫోను ఎత్తకుండా దులుపుకున్నాడు. ఆరుగురూ ఏప్రన్లు విప్పి మడతపెట్టి ఇచ్చారు. మడతలు మాత్రం చక్కగా పెట్టారు, అది చేతి అలవాటు.

కాంట్రాక్టరు కోసం తిరిగి తిరిగి సూదమ్మ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఎదురైంది. పక్క గదిలో ఉండే వదిన అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. రాత్రి భోజనం ముగ్గురికీ ఎప్పుడూ ఒకచోటే. సూదమ్మ పని పోయిన సంగతి ఆవిడే చెప్పేసింది.

"పోతే పోనీలే అమ్మా, నేనున్నాగా!" కూతురు తల్లి భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఆఫీసులో నన్నేం మెచ్చుకున్నారో తెలుసా? చొక్కాల పని అందరికంటే నేనే బాగా చేశానంట. కొత్త పని నాకే ఇచ్చారు. రేపు మధ్యాహ్నంలోపు మొదటి భాగం ఇచ్చేస్తే ఉద్యోగం పర్మనెంట్. నెల జీతం! ఇంక నువ్వెక్కడా నిలబడక్కర్లేదు."

"మా తల్లే! చెప్పలా నీకు, ఇది పైకొస్తదని?" వదిన మొహం విప్పారింది. పొద్దుటి నుంచి ఆ మొహంలో వెలుగు కనబడటం అదే మొదటిసారి.

సూదమ్మ గోడవారగా కూర్చుంది. ఇంటికి ఇక మిగిలింది ఆ ఉద్యోగమే, వదినకి వచ్చేది ఇవాళ్టి లెక్కన చూస్తే ఉన్నా లేనట్టే.

కూతురు లాప్‌టాప్ తెరిచింది. తెర మీద ఫోటో కాదు, వీడియో. ఎవరివో రెండు చేతులు మిషను మీద చొక్కాకి చేతిగుడ్డ అతుకుతున్నాయి. మొహం కనబడదు, మణికట్ల దాకానే. చేతులు గుడ్డని తోసుకుంటూ భుజం మలుపు దగ్గరికి వచ్చి ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"చెయ్యి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏ వేలితో నొక్కింది, అన్నీ గుర్తులు పెట్టాలి. ఎక్కడ ఆగిందో తెలుస్తోంది గానీ, ఎందుకో అర్థం కావట్లా. అమ్మకి మిషను కుట్టడం రాదు." కూతురు కుర్చీ వెనక్కి తిప్పింది. "అత్తా, నువ్వు చెప్పవూ?"

"నేనా?" వదిన సిగ్గుపడింది. అంతలోనే కుర్చీ లాక్కుని తెర ముందుకి జరిగింది. "ఏదీ, మళ్ళీ పెట్టు. ఆఁ, ఆపు! ఆ మలుపులో చెయ్యి గుడ్డ ఎక్కువుంటది, చొక్కా గుడ్డ తక్కువుంటది. రెండూ సరిపోవాలంటే..." ఆవిడ కుడిచెయ్యి గాల్లోకి లేచింది. బొటనవేలు లేని గుడ్డని నొక్కి పట్టుకుంది, మిగతా వేళ్ళు దాన్ని లోపలికి తోయడానికి వంగాయి. "ఇట్లా పట్టి, లోపలికి..."

"చెప్పకు వదినా" అంది సూదమ్మ.

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఏమే? ఇంట్లో పిల్లకి చెప్తే నా సొమ్మేం పోద్ది?"

"అంతా పోద్ది." సూదమ్మ లేచి నిలబడింది. "ఇవాళ నీ చొక్కాలన్నీ తొట్టిలో ఎందుకు పడ్డయ్యో తెలుసా? నేను చూపించాను కాబట్టి. ఈ కుర్చీలోనే కూర్చుని, కాలరు కింద వదులు దారాలు తప్పని నేనే వేలు పెట్టి చూపించా. పిల్లేమో గుర్తులు పెట్టింది. అవి పట్టుకెళ్ళి ఆ యంత్రానికి నేర్పించారు. నా పనీ అట్లానే పోయింది. ఇప్పుడు నువ్వు చెప్పేదీ అక్కడికే పోద్ది, రేపు నీ మిషను పనీ అదే చేస్తది."

కూతురి మొహం పాలిపోయింది.

"ఎక్కడికి పోతాయో మాకు చెప్పరమ్మా" అంది. "ఒట్టు, నాకు తెలీదు."

"నీకు తెలీదు. నాకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది."

"తెలిసి ఏం చెయ్యమంటావ్?" కూతురు గొంతు పెంచింది. "బట్టల పని నేర్చుకుంటానంటే వద్దన్నావ్. ఇది చెయ్యమన్నావ్, చేశా. ఇప్పుడిదీ వద్దంటున్నావ్. నేను చెయ్యకపోతే నా పక్క సీటు అమ్మాయి చేస్తుంది. వాళ్ళ అత్తనడిగి చేస్తుంది. నీకు పని లేదు. నాదీ పోతే మనం తినేదేంటమ్మా?"

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పు లేదు.

వదిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, గుడ్డని పట్టుకున్నట్టే. ఆవిడ మరదలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో సూదమ్మకి తెలియలేదు. తరువాత, తన చేత్తో అన్నం తిన్న పిల్ల వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెమ్మదిగా చెయ్యి దించి, రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"వాళ్ళ అత్తనే అడగనీ తల్లీ" అంది. "నన్ను మాత్రం అడక్కు."

కూతురు మౌసు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. వీడియో ముగిసి, దానంతటదే మొదటికొచ్చింది. తెర మీద చేతులు మళ్ళీ గుడ్డని తోసుకుంటూ భుజం మలుపు దాకా వచ్చి ఆగాయి. ఎందుకు ఆగాయో తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. ఆవిడ గోడ వైపు చూస్తూ కూర్చుంది.