జోజమ్మ అడిగిన పత్తికాయ

జోజమ్మ తాడు లాగుతోంది. చెక్కని తిప్పుతూ చెక్కే తరిమెన మీద బిగించిన తుమ్మ మొద్దు ఒకసారి ఇటు, ఒకసారి అటు గిర్రున తిరుగుతోంది. శౌరయ్య గొంతుక్కూర్చుని, కుడికాలి బొటనవేలితో ఉలిని అదిమిపట్టి మంచంకోడుకి నడుం తీస్తున్నాడు. మొద్దు తనవైపు తిరిగినప్పుడు ఉలి ఆనిస్తాడు. అవతలికి తిరిగినప్పుడు ఎత్తుతాడు. పెళ్లయిన కొత్తలో ఈ లయ కుదరక మొగుడూ పెళ్లాలు పోట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఆమెకి దగ్గొస్తే అతని ఉలి దానంతటదే ఆగిపోతుంది.

శౌరయ్యది బక్కపలచని ఒళ్లు. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. తిరువూరు బస్టాండు వెనక సందులో అతని పాక. మంచంకోళ్లు, పప్పుగుత్తులు, ఉయ్యాల గిలకలు, వాటితోనే బతుకు గడిచింది. కానీ మిగులు ముక్క చేతికొస్తే అతని చూపే మారిపోయేది. ఒకటి వెలగపండయ్యేది, ఒకటి మామిడిపిందె, ఒకటి విచ్చీ విచ్చని కలువమొగ్గ. గూళ్లనిండా అవే. ఎవరైనా ముచ్చటపడితే ఇచ్చేసేవాడు. "పొయ్యిలోకైనా పనికొచ్చేవి," అని జోజమ్మ సణిగేది.

మంచంకోళ్లు చేయించుకుంటున్న పెనుగొలను రైతు ఏడుకొండలు పొద్దెక్కాక వచ్చి బల్లమీద కూర్చున్నాడు.

"కరెంటు మోటారు పెట్టుకోరాదా శౌరయ్యా? బెజవాడలో అందరూ అవే పెట్టారు."

"మోటారుతో కబుర్లు చెప్పుకోలేం కదండీ."

"పొద్దున్నుంచీ నాతో ఒక్క మాటన్నా మాట్లాడాడేమో అడగండి," అంది జోజమ్మ. ముగ్గురూ నవ్వారు.

ఆఖరి కోడు మొద్దు చెక్కుతుంటే ఒకపక్క తెల్లచెక్క బయటపడింది. చేవలేని చెక్క, మనిషి బరువు మోయదు. శౌరయ్య దాన్ని పక్కన పడేసి ఉలి నూరుకోసాగాడు. జోజమ్మ ఆ ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నల్లటి చెక్కలోంచి తెలుపు తొంగిచూస్తోంది.

"దీంతో నాకు పత్తికాయ చేసిపెట్టవయ్యా," అంది.

శౌరయ్య తలెత్తాడు. ఇన్నేళ్లలో ఆమె తనకోసం ఒక్క బొమ్మ అడగలేదు. పెళ్లికి ముందు ఆమె విస్సన్నపేట చేలల్లో పత్తి ఏరేది. ఒడినిండా పత్తితో గట్టుమీద నిలబడ్డప్పుడే ఆమెని మొదటిసారి చూశాడు.

"తెల్లదానికి పురుగు పడుతుందే."

"పత్తికాయకి పురుగు పట్టకపోతే ఎట్టా?"

ఏడుకొండలు పగలబడి నవ్వాడు. "చెయ్యి శౌరయ్యా. నా కోడు రేపైనా ఫర్వాలేదు."

మళ్లీ తాడు కదిలింది. ఉలి కింద గుండ్రని ఒళ్లు తేలింది, కొస సన్నబడి ముక్కులా నిలిచింది. తరిమెన నుంచి ఊడదీసి, సన్న ఉలితో పగుళ్లు తీశాడు. తెలుపున్నచోట కాయ పగిలి దూది ఉబ్బినట్టు మెల్లగా తొలిచాడు. మధ్యలో ఆగి రొమ్ము రుద్దుకున్నాడు.

"అన్నం తిని చెయ్యకూడదూ?" అంది జోజమ్మ.

"ఇప్పుడు చెయ్యి ఆపితే ఈ పగులు మళ్లీ దొరకదు."

ఆముదం రాసి ఆమె అరచేతిలో పెట్టాడు. జోజమ్మ కళ్లు మూసుకుని కొసని వేలితో తడిమింది.

"గుచ్చుకుంటోందయ్యా. ఏరేటప్పుడు వేళ్లు ఇట్టాగే చీరుకుపోయేవి."

అతను చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. గోంగూర పచ్చడి మారు వేయించుకుని తిన్నాడు. చెక్కపొట్టు మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ఎండ వాలాక జోజమ్మ టీ కాచి లేపబోయింది. అతను లేవలేదు. మొహంలో నొప్పి ఛాయ లేదు. ఆమె గ్లాసు కిందపెట్టి, చల్లబడుతున్న ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాతే ఇరుగుపొరుగుని పిలిచింది.

మర్నాడు సమాధుల దొడ్డి నుంచి వచ్చాక ఏడుకొండలు పూర్తయిన మూడు కోళ్లూ భుజానికెత్తుకున్నాడు.

"నాలుగోది ఇంకెవరిచేతా చేయించనమ్మా. మంచానికి ఆ మూల ఇటుకలు పెట్టుకుంటాను."

జోజమ్మ తలూపి లోపలికి వెళ్లింది. గూట్లో పత్తికాయ ఉంది. దానిమీది ఆముదం ఇంకా పూర్తిగా ఇంకలేదు.