పోలిరాజు గారి పాసుపుస్తకం

ముందే ఒప్పేసుకుంటున్నానండి. ఈ కథ టైపు చేస్తున్న నా కంప్యూటర్ చదువుకి ఫీజు కట్టింది పోలిరాజు గారి ట్రస్టే. ఆయన్ని తిడితే విశ్వాసం లేనిదంటారు, పొగిడితే అమ్ముడుపోయిందంటారు. రెండూ పడతాను. కథ మాత్రం నాది కాదు. అదే ట్రస్టు డబ్బుతో కాకినాడలో ఇంజనీరింగు చదివిన చిట్టిది.

2004 వేసవి. కాట్రేనికోన వైపు ఓ ఊరు, పేరు చెప్పను. చిట్టి తమ్ముడు బెంజమిన్ పాలిటెక్నిక్ ఆఖరేడు. వాడి ప్రాణ స్నేహితుడు గోపీకృష్ణ, పోలిరాజు గారి మేనల్లుడు. ఓ గురువారం గోపీ బండేసుకొచ్చి, "మావయ్య రొయ్యల చెరువు మోటారు పాడైందిరా. అమలాపురంలో రిపేరుకిచ్చొద్దాం, వెనకాల పట్టుకు కూచో" అన్నాడు. వీడు కూచున్నాడు. దార్లో పోలీసులు ఆపేరు. ఆ మోటారు మావయ్యది కాదు. బాబ్జీ అనే ఇంకో రైతు చెరువు మీద ముందురోజు పోయింది.

ఎస్సైగారు ఇద్దర్నీ ఒకటే అడిగేరు. "ఎవరబ్బాయివిరా?"

మా వైపు ఆ ప్రశ్నకి తండ్రి పేరు చెప్తే చాలదండి, ఏ వీధో కూడా చెప్పాలి. గోపీ చెప్పేడు. కుర్చీ వేసేరు, కూల్‌డ్రింకు తెప్పించేరు, సాయంత్రానికి కారొచ్చి తీసుకుపోయింది. బెంజమిన్, "పేటండి, కృపావతి గారబ్బాయినండి" అన్నాడు. నేల మీద కూచోబెట్టేరు. మర్నాటికి కాయితాల్లో బండి మీద ఒక్కడే మిగిలేడు. బండి తోలిందీ వాడే, వెనకాల మోటారు పట్టుకుందీ వాడే. అదెలా కుదిరిందో ఇంజనీరింగు చదువుతున్న చిట్టికి కూడా అంతుపట్టలేదు.

వాణ్ని సబ్‌జైలుకి పంపేరు. సోమవారం బెయిలొచ్చింది. ఇద్దరు ష్యూరిటీ ఉండాలి, ఇద్దరికీ భూమి పాసుపుస్తకాలుండాలి. మంగళవారం కోర్టు కట్టేసేలోపు ఆ పని అవ్వాలి. బుధవారం పొద్దున్న వాడికి ఆఖరి ప్రాక్టికల్. తప్పితే ఏడాది పోతుంది.

ఊరవతల దళితుల పేటలో నూటిరవై గడపలు. ఊళ్లో వాళ్ల పొలాలు మూడు తరాలుగా నాట్లు ఊడ్చిందీ కోసిందీ ఈ గడపలే. పాసుపుస్తకం ఉన్నది మాత్రం రిటైరైన యాకోబు మాస్టారొక్కరికే, అరెకరం కొబ్బరితోటకి. ఉద్యోగస్తులు జీతం సర్టిఫికెట్ పెట్టొచ్చట. వేసవి సెలవులు, సంతకం పెట్టే ఆఫీసరు ఊళ్లో లేరు.

రెండో పుస్తకం కోసం చిట్టి పోలిరాజు గారింటికెళ్లింది.

"నేనుంటాలే అమ్మా" అన్నారాయన, అడక్కముందే. "రేపు పదకొండింటికి స్టేషన్లో మన గది ఓపెనింగు కదా. అదయ్యేక నా కార్లోనే కోర్టుకి పోదాం."

ఆ గది పోలీస్ స్టేషన్‌కొచ్చే జనం కూచోడానికి ఆయనే కట్టించింది. బల్లలు, ఫ్యాన్లు, చల్లటి మంచినీళ్లు. ట్రస్టు పిల్లల తరఫున వందన సమర్పణ చిట్టే చెయ్యాలి.

"అండీ... ష్యూరిటీతో పాటు, గోపీ కూడా బండి మీదున్నాడని ఎస్సైగారికి ఒక్క మాట..."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేరు. "పదకొండమ్మా. లేటవ్వకు."

బెదిరించలేదు. ఆయనెవర్నీ బెదిరించరు. బెదిరిస్తే బావుండేది, కోపం తెచ్చుకోడానికి ఓ దారి దొరికేది.

మంగళవారం షామియానా కింద ట్రస్టు మేనేజరు సత్తిబాబు గారు చేతిలో కాయితం పెట్టేరు. "ఇది చదివెయ్యమ్మా, రెండు నిమిషాలు."

కృపావతి కూతురి మోచెయ్యి పట్టుకుంది. "అందులో ఉన్నదే చదువే. ఒక్క ముక్క ఎక్కువ అన్నావంటే నా మీదొట్టు. లోపలున్నది నీ తమ్ముడు."

"ఆయ్, తెలుసమ్మా."

"తెలిస్తే ఆ మొహం మార్చు ముందు."

చిట్టి మైకు దగ్గరికెళ్లింది. ముందు వరసలో పోలిరాజు గారు, పక్కన ఎస్సైగారు, ఆ పక్కన ఇస్త్రీ చొక్కాలో గోపీ. గోపీ తల దించుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. కాయితం సగం వరకూ చదివింది. దాత, ధర్మం, దీపం అన్నీ అయిపోయేయి. అక్కడ ఆపేసింది. మైకు గీమంది. కృపావతి పమిట నోట్లో కుక్కుకుంది.

"బల్లలు చాలా బావున్నాయండి" అంది చిట్టి, కాయితం మడిచి. "గురువారం ఒకే బండి మీద ఇద్దరు కుర్రాళ్లొచ్చేరు. ఒకరు కుర్చీలో కూచున్నారు, ఒకరు నేల మీద. ఇకనించి ఇద్దర్నీ ఈ బల్ల మీదే కూచోబెడతారని ఆశపడుతూ, పోలిరాజు గారికి వందనాలండి."

చప్పట్లు మొదలవ్వబోయి ఆగిపోయేయి. ఎస్సైగారు టోపీ సర్దుకున్నారు. పోలిరాజు గారు లేచి, ఎవరి వైపూ చూడకుండా కారెక్కేరు.

"చంపేసేవే నా కొడుకుని" అంది కృపావతి.

యాకోబు మాస్టారు సంచిలో తన పుస్తకం పట్టుకుని నిలబడిపోయేరు. ఒక్క పుస్తకంతో ఏ కోర్టూ వదల్దు. కారు స్టార్టయింది. గేటు దాకా పోయింది. గేటు దగ్గర బ్రేకు లైటు వెలిగింది. అద్దం దిగింది.

"ఎక్కండి మాస్టారూ. ఎక్కమ్మా. టైం చూసుకోరేంటి?"

కారు మురమళ్ళ దాటింది.

"నువ్వన్నది అబద్ధమని నేననను" అన్నారాయన చివరికి. "కానీ గోపీ మా అక్క కొడుకమ్మా."

"బెంజీ మా అమ్మ కొడుకండి."

ఆయన కిటికీలోంచి కాలవ చూసుకున్నారు. మాస్టారు దగ్గేరు.

కోర్టులో గుమాస్తా పోలిరాజు గారికి కుర్చీ జరిపేడు. మాస్టారు నిలబడే ఉన్నారు. పోలిరాజు గారు కుర్చీ చూసేరు, మాస్టార్ని చూసేరు. కూచోలేదు. అలాగని మాస్టార్ని కూచోమనీ అనలేదు. ఇద్దరూ నిలబడే సంతకాలు పెట్టేరు, కుర్చీ ఖాళీగా ఉంది.

చీకటి పడుతుండగా బెంజమిన్ బయటికొచ్చేడు. బుధవారం ప్రాక్టికల్ చేసేడు, పాసయ్యేడు. కేసు మాత్రం మూడేళ్లు నడిచేక కొట్టేసేరు. ఆ మూడేళ్లలో ప్రతి వాయిదాకీ వాడొక్కడే వెళ్లేడు. గోపీ పేరు ఏ కాయితంలోకీ రాలేదు. బల్లలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి మీద ఎవర్ని కూచోబెడుతున్నారో నాకు తెలీదు.

జూన్‌లో చిట్టికి ట్రస్టు చెక్కు ఎప్పట్లాగే ఒకటో తారీకుకే వచ్చింది. రెండ్రోజులు దాన్ని బైబిల్లో పెట్టుకుని చూసింది. మూడోరోజు బ్యాంకులో వేసింది.

మీ ఊళ్లోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకరుండే ఉంటారు. ఆయన కారు మీరెక్కేరా, ఎక్కలేదా? ఎక్కితే దార్లో ఏం మాట్లాడుకున్నారు? రాయండి. పేర్లు మార్చి రాసినా పర్లేదు, నేనూ అదే చేసేను.