నాలుగో ఫ్రేములో మొగుడు

ముక్కు సరిగానే వచ్చింది, మరి మనిషెందుకు రాలేదు, అనుపమ టాబ్లెట్ మీద గీసిన ముఖాన్ని మూడోసారి చెరిపింది, ఎప్పుడూ ఇంతసేపు పట్టదు, వారం వారం వేసే బొమ్మల కథకు ముందు మాటలు రాసుకుంటుంది, వాటికి బుడగలు గీసి చోటు చూసుకుంటుంది, లేకపోతే మాటలు పొడుగై ముఖాల మీదికి వచ్చేస్తాయి, తరువాత నీలి గీతలతో చిత్తు, దాని మీద ఇంకో పొరలో నల్లగీత, చివరికి రంగులు, అందులో తన భర్త బొమ్మ మాత్రం మళ్ళీ మళ్ళీ గీయదు, నిరుడు దసరాకు అతన్ని చూసి ఒక్కసారి గీసి దాచుకుంది, సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తున్న మొగుడు, కావలసినప్పుడు ఎడమకు తిప్పుతుంది, చొక్కా రంగు మారుస్తుంది, వారానికొకటిగా నలభై పేజీలు అతనితోనే గడిచాయి, ఈ వారమే, నాలుగో ఫ్రేములో, ఆ మొగుడు పెందలాడే ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడాలి, మూడింటికల్లా పేజీ రాకుంటే వేరేవాళ్ళది వేస్త అక్కా, ఇగ ఆ జాగ వాళ్ళదే అని వెబ్ పత్రిక నడిపే మంజూష పొద్దున్నే చెప్పింది, ఇప్పుడు రెండున్నర.

కిటికీ అవతల ఎర్రమంజిల్ వైపు మెట్రో పోయింది, భర్త విజయేందర్ ఇంట్లోనే ఉన్నాడు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే మనిషి, మధ్యాహ్నం బ్యాచ్ లేదన్నాడు, జర లేచి తలుపుకాడ నిలబడుండ్రి అని ఆమె అంటే, నలభై వారాల సంది గా సోఫాల మొగుడే నడిచిండు గదనే, ఇయ్యాల ఏమొచ్చింది వానికి, అని నవ్వుతూ లేచాడు, నిలబడ్డాడు, ఆమె చూసింది, భుజాలు ఇంత కిందికి ఎప్పుడు జారాయి, మెడ దగ్గర కాలరు వదులు, బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త రంధ్రం, ఒకటి కాదు, రెండు.

ఎప్పటి సంది ఇట్ల చిక్కిపోతున్నరు అంది, అతను తలుపు గొళ్ళెం వైపు చూశాడు, ఉగాదికే నౌకరీల నుంచి తీసేసిండ్రు అనూ, పొద్దున పోతున్న గదా, నాలుగు ఇన్‌స్టిట్యూట్లు తిరిగొస్తున్న, ఏడ సుత కోర్సుకు పిల్లల్లేరు, అన్నాడు, మరి నాకు చెప్పొద్దా అంది ఆమె, చెప్దామనే మస్తు సార్లు వచ్చి నీ పక్కన కూసున్న, నువ్వు తల ఎత్తకపోతివి, ఎందుకు కదిలించుడని ఊకున్న, అన్నాడు, కోపం లేకుండానే అన్నాడు, కూరగాయల బండి దగ్గర నిలబడ్డ ఎవరో ఆవిడ కొంగు ముడి కూడా గీయకుండా వదలరు మీరు అని పాఠకులు మెచ్చుకుంటారు తనను, ఫోన్ మోగుతోంది, మంజూషే, మోగనీ, ఈ మనిషిని అరగంటలో గీయడం అయ్యే పని కాదు, పేజీ పోతే పోతుంది, మూడుసార్లు గీసి చెరిపిన చేతిది కాదు తప్పు, దసరా తరువాత తాను ఇతన్ని చూడనే లేదు.